రొసెందా పగటి నిద్ర

సాంతియాగో దెల్ ఎస్తెరోలో మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలో ఎవరైనా కనిపిస్తే, వాడు పరాయి ఊరివాడైనా కావాలి, మతి చెడినవాడైనా కావాలి. అలాంటి ఊళ్లో పుట్టి, డెబ్బై దాటిన రొసెందా సియెస్తాకే, అంటే ఆ పగటి నిద్రకే, ఎసరు పెట్టింది కూతురు నెలిదా.

"పగలు గుర్రుపెట్టి నిద్రపోతావు, తెల్లారకముందే లేచి మాతే ఆకుల కషాయం కాచుకుంటానని గిన్నెలు మోగిస్తావు. నాకు కంటిమీద కునుకుండట్లేదమ్మా!"

"దీపాలు పెట్టగానే పడుకునేదాన్ని ఇంకెప్పుడు లేవమంటావే?"

తగువు తేలలేదు. ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్ల నిద్రను పరీక్షించే డాక్టరమ్మ ఒకావిడ అప్పుడే వచ్చి, రొసెందా చేతికి గడియారంలాంటి పట్టీ కట్టింది. మనిషి ఎప్పుడు మెలకువగా ఉందో, ఎప్పుడు పడుకుందో అదే చెప్పేస్తుందట. పగటి నిద్ర ఎక్కువని తేలితే మానెయ్యాలంది నెలిదా. సరేనంది రొసెందా.

కానీ ఊరికే కూర్చునే రకమా? ఎదురింట్లో డోళ్లు చేసే నికాసియో, తను జన్మలో సియెస్తా ఎరగనని, ఆ వేళలోనే తోళ్లు బిగిస్తానని ఊరంతా చాటుకునేవాడు. రోజూ భోజనం కాగానే రొసెందా గుట్టుగా పట్టీ అతని చేతికి తగిలించి వచ్చి, హాయిగా నడుం వాల్చేది, సాయంత్రం వెళ్లి మళ్లీ తెచ్చుకునేది. సాంతియాగో మనిషి పగలు నిద్రపోనంటే నమ్మడమే ఆమె చేసిన పొరపాటు.

వారం గడిచాక డాక్టరమ్మ వచ్చింది. "రాత్రి నిద్ర బంగారంలా ఉంది మామ్మగారూ. పెందలాడే పడుకుని పెందలాడే లేవడం మీ వయసులో మామూలే. కానీ మధ్యాహ్నం రోజూ మూడేసి గంటలు ఒళ్లు తెలీకుండా నిద్రపోతున్నారే!"

"మూడు గంటలా!" రొసెందాకు ఒళ్లు మండిపోయింది. "నేను పడుకునేది గంటే! ఆ నికాసియోగాడు... సిగ్గులేని సోమరి! తోళ్లు బిగిస్తున్నానని చెప్పి..."

నోరు జారింది. డాక్టరమ్మ తల పట్టుకుని, ఆపైన పగలబడి నవ్వింది. గంటే అయితే ఏ బాధా లేదంది. నెలిదా మాత్రం నవ్వలేదు.

"గంటో మూడో, రేపు నేనే పక్కన కూర్చుని చూస్తా."

అన్నట్టే మర్నాడు మంచం పక్కన కుర్చీ వేసుకుంది. రొసెందా గంటకల్లా కళ్లు తెరిచింది. కూతురు తల వాల్చేసి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కుట్టుపనితో నెలల తరబడి అలిసిన ఆ మొహం చూస్తే రొసెందాకు జాలేసింది, నవ్వూ వచ్చింది. ఎండ పడకుండా కిటికీ తలుపులు దగ్గరికి వేసింది.

పొద్దు వాలుతుండగా నెలిదా కదిలింది. "ఎంతసేపయిందమ్మా?"

"గంట కూడా కాలేదే, పడుకో" అంది రొసెందా.

నెలిదా అమ్మ మంచంమీదికి జరిగి మళ్లీ కళ్లు మూసుకుంది.