ఉక్కు గ్రహం, దూది గ్రహం

ఆదివారం మధ్యాహ్నం మూడున్నర కాగానే షాహిదా కుట్టుమిషను ఆపేది. కుట్టిన జాకెట్ల మూట మీద ఇస్త్రీపెట్టె పెట్టి, కూజా మూతకు దారం కట్టేది. నరసరావుపేటలోని ఆ సందులో అందరూ ఆ వేళకు అదే పనిలో ఉండేవాళ్ళు. పక్కింటివాళ్ళు ఉయ్యాల్లోంచి పసిపిల్లను తీసి ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు. మేడ మీద కాపురముండే కొండమ్మ మాత్రం నిండు గ్యాస్ సిలిండరును మెట్ల దగ్గర నిలబెట్టుకుని ఎదురుచూసేది.

"ఏమే షాహిదా, ఇవాళన్నా ఆరు వేస్తావా లేదా? రెండు వారాల్నించి కట్టెల పొయ్యి మీద చస్తున్నా."

"నేను వేసేదేముందక్కా, పడేది పడుద్ది."

"ఆ మాటకే నాకు ఒళ్ళు మండుద్ది."

షాహిదా భర్త అబ్దుల్ రహీమ్ టీవీ మెకానిక్. చిన్నప్పుడు ఆదివారాలు టీవీలో వచ్చిన అంతరిక్ష నౌక సీరియల్ ఒకటి అతని బుర్రలోంచి పోనేలేదు. పెళ్ళయ్యాక దాన్ని బల్ల మీద ఆడే ఆటగా మార్చాడు. పాత టీవీ అట్టపెట్టె విప్పి వెనకవైపు గ్రహాలు గీశాడు. వంద పేజీల నోటుబుక్కులో నియమాలు రాశాడు. ఒకరు కెప్టెన్. ఓడ ఎటు పోవాలో, ఎవరితో తలపడాలో ఆ మనిషి మాటల్లోనే చెప్పాలి. ఇంకొకరు ఆట నడిపే మనిషి. శత్రువుల మాటలన్నీ ఆ మనిషివే. ఓడ ఏ గ్రహం మీద దిగినా పాచిక వేసి అక్కడి బరువు తేల్చాలి. మూడు పడితే మన భూమి. ఒకటి పడితే ఉక్కు గ్రహం, చెయ్యి ఎత్తలేరు. ఆరు పడితే దూది గ్రహం, మనిషి గాల్లో తేలతాడు. 'ఎంత పడిందో నడిపే మనిషి పైకి చెప్పాలి' అని చివరి పేజీలో రాసి కింద రెండు గీతలు గీశాడు.

అంకె చెప్పగానే ఇంట్లో, సందులో నిజంగానే ఆ బరువు వచ్చేది. ఆట ఆపేదాకా ఉండేది. మూడేళ్ళ కిందట రహీమ్ గుండెపోటుతో పోయాడు. అప్పట్నించి ఆట నడిపేది షాహిదా, కెప్టెన్ కూతురు యాస్మిన్. పిల్లను విజయవాడ అవతల హాస్టల్ కాలేజీలో వేశాక ఆట ఫోన్లోకి మారింది. వారానికి పది నిమిషాలు, వార్డెన్ గదిలోని ఫోన్ నుంచి. పెట్టేసేదాకా ఫోన్ ఆ చివర కూడా అంతే బరువు. ఆరు పడిన రోజు ఫోన్ కోసం వరసలో నిలబడ్డ ఆడపిల్లల జడలు పైకి లేచేవట. 'ఆదివారం నాలుగింటికి బకెట్లు నింపరాదు' అని వార్డెన్ నోటీసు బోర్డులో రాయించింది.

డిసెంబరులో యాస్మిన్ ఏడుస్తూ ఫోన్ చేసింది. "అమ్మీ, నావల్ల కావట్లేదు. నాకు జ్వరమని లెటర్ రాయి. నాలుగు రోజులు ఇంటికొచ్చి పోతా."

"జ్వరం లేకుండా ఉందని ఎట్టా రాస్తానే?"

"అందరూ రాస్తున్నారు! మా రూములో ఒకదాని నానమ్మ ఈ ఏడాది మూడుసార్లు పోయింది."

షాహిదా రాయలేదు. రాత్రంతా నిద్రపోలేదు, కానీ రాయలేదు. ఆ రోజు నుంచి యాస్మిన్ నోట 'అమ్మీ' అన్న మాట రాలేదు. ఆదివారం ఫోన్ చేసేది, కెప్టెన్‌గా నాలుగు మాటలు విసిరేది, పెట్టేసేది. తిన్నావా అని అడిగితే, "శత్రువుతో కెప్టెన్ తిండి సంగతులు మాట్లాడడు" అనేది.

కొండమ్మ కట్టెల పొయ్యి సంగతి ఎత్తిన ఆ ఆదివారం నాలుగూ ఐదుకు ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"శత్రువుకు కెప్టెన్ చెప్పేదేందంటే, ఓడ వదిలేస్తున్నా. దూకుతున్నా."

ఫోన్లో హోరుమని గాలి. "వార్డెన్ గదిలో అంత గాలేంది? యాస్మిన్, ఎక్కడున్నావు?"

"కెప్టెన్ అను."

"కెప్టెన్... ఎక్కడున్నావమ్మా?"

"మెస్ వెనక రేకుల షెడ్డు మీద. రెండంతస్తులు. కింద సిమెంటు కాలవ, అవతల రోడ్డు. ఆధార్ కార్డు జేబులో ఉంది, ఆడోళ్ళకి బస్సు ఫ్రీనేగా. ఫోన్ వంట చేసే హలీమా అత్తది."

పోయినేడు అక్కణ్ణించి దూకిన పిల్ల ఇంకా కర్ర పట్టుకునే నడుస్తోందని షాహిదాకు తెలుసు. బల్ల అంచు పట్టుకుంది.

"కిందికి దిగు తల్లీ. రేపు పొద్దున్నే వస్తా. ఏం రాయమంటే అది రాస్తా."

"డిసెంబరులో రాయాల్సింది. కూతురు ఏమైపోయినా సరే, నీ సంతకం పైన అబద్ధం ఉండకూడదు. అంతేగా?"

"అట్టా అనకే."

"వాచ్‌మన్ చూశాడు. నిచ్చెన తెస్తున్నాడు. పాచిక వెయ్యి."

"వెయ్యను."

"వెయ్యకపోయినా దూకుతా. అప్పుడు మన భూమ్మీదికే దూకినట్టు. నీ ఇష్టం."

షాహిదా వేసింది. పాచిక అట్ట మీద దొర్లి, అంచు దాకా పోయి ఆగింది.

ఒకటి.

"ఎంత?" అంది యాస్మిన్.

షాహిదా అంకె చెప్పకుండా పాచిక మీదికి వంగింది. చెయ్యి బరువెక్కుతుందని చూసింది. ఎక్కలేదు. ఫ్యాను కొక్కెం కిర్రుమనలేదు. మెట్ల దగ్గర కొండమ్మ కాలు మార్చి కాలు మీద నిలబడి మామూలుగానే విసుక్కుంటోంది. ఇన్నేళ్ళలో పాచిక ఆగగానే అంకె చెప్పేయడమే గానీ, షాహిదా ఒక్కసారీ ఆలస్యం చెయ్యలేదు. బరువు పాచికను బట్టి రాదని, నోటి మాట కోసం కాచుకుని ఉంటదని ఇప్పుడే తెలిసింది. ఆమె ఎప్పుడూ ఉన్నదే చెప్పింది కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలిసే వీల్లేకపోయింది.

"వేశావుగా, చప్పుడు విన్నా. చెప్పు. నువ్వు ఉన్నదే చెప్తావని నాకు తెలుసులే." ఆ గొంతులో నమ్మకం లేదు, తిట్టు ఉంది.

షాహిదా నాలుక మీద ఆ ఒక్క మాట నిండు సిలిండరంత బరువుగా ఉంది.

"ఆరు," అంది.

ఇస్త్రీపెట్టె లేచింది. దాని వెనకే మూట లేచి, జాకెట్లు ఒక్కొక్కటే విడిపోయి గదిలో తేలాయి. ఫోన్లో రేకు కిర్రుమంది. తర్వాత గాలి మోత, చున్నీ కొట్టుకునే చప్పుడు. చానాసేపు అంతే. ఆ పైన లారీ హారను దగ్గరగా వినపడింది.

"దిగా," అంది యాస్మిన్. "రోడ్డు మీదున్నా. ఎంత పడిందన్నావు?"

"ఆరు."

"ఆటలో నాకెప్పుడూ దూకేటప్పుడు ఆరు పడలా."

"పడింది. పెట్టేయమాక, కొండమ్మ పెద్దమ్మ మెట్లెక్కేదాకా ఆగు."

కొండమ్మ సిలిండరును చూపుడువేలి మీద నిలబెట్టుకుని, గడప దగ్గర ఆగి బల్ల కేసి తొంగి చూసింది. "అదేందే, ఒకటి కదా..."

షాహిదా చూసిన చూపుకు కొండమ్మ మాట మింగేసింది. "నాకెందుకులే తల్లీ," అంటూ తేలుకుంటూ పైకి పోయింది.

"హలీమా అత్త గోడ అవతల నిలబడింది, ఫోన్ విసిరేస్తున్నా," అంది యాస్మిన్. ఫోన్ ఆగిపోయింది. ఇస్త్రీపెట్టె దభీమని నేలమీద పడింది.

పది నిమిషాలకు వార్డెన్ ఫోన్ చేసింది. "మీ అమ్మాయి షెడ్డు ఎక్కి దూకి పారిపోయిందండీ! ఇదేనా మీరు పిల్లని పెంచిన తీరు?"

"నేనే రమ్మన్నా. వాళ్ళ నానమ్మ పోయింది."

నానమ్మ యాస్మిన్ పుట్టకముందే పోయింది. ఎప్పుడని వార్డెన్ అడగలేదు, షాహిదా చెప్పలేదు.

రాత్రి అన్నాల వేళకు యాస్మిన్ వచ్చింది. ఒక కాలికే చెప్పు ఉంది. షాహిదా పిల్ల కాళ్ళ వంక, నడుం వంక చూసుకుని గోడకు ఆనుకుంది.

"పెట్టె, పుస్తకాలు అక్కడే వదిలేశా. మళ్ళీ పోను. తిట్టేదుంటే ఇప్పుడే తిట్టు."

"పోవద్దు."

యాస్మిన్ చూపు బల్ల మీదికి పోయింది. షాహిదా పాచికను కదపలేదు. అది ఇంకా ఒకటి మీదే ఉంది. యాస్మిన్ దాన్ని చూసి, తల్లిని చూసి, మళ్ళీ పాచికను చూసింది. మెల్లగా చెయ్యి చాపి, వేలితో పాచికను ఆరు పైకొచ్చేటట్టు తిప్పి పెట్టింది.

"అన్నం పెట్టమ్మీ," అంది.