జనవరిలో ఎండాకాలం

ఆస్ట్రేలియాలోని మిల్డూరా అనే ఊళ్ళో ఆడవాళ్ళ ఆశ్రయ కేంద్రం నడిపే నొరీన్‌కి ఆ జనవరిలో కంటి మీద కునుకు లేదు. మొగుడు డారెన్ చంపేస్తాడని పారిపోయి వచ్చిన టాంసిన్‌నీ, ఆమె కూతురు పిప్పానీ ద్రాక్షతోటల అవతల ఓ ఇంట్లో దాచింది. ఆ ఇల్లెక్కడో కేంద్రం వాళ్ళకి తప్ప పరాయి వాళ్ళకి తెలియదు. డారెన్ మహానుభావుడు చేసే పనేమో కంప్యూటర్లు బాగుచెయ్యడం.

నాలుగు రోజులుగా ఎవరో కేంద్రం మెయిళ్ళలో దూరాలని చూస్తున్నారు. ఒకే పేరు మీద వరసగా తప్పు పాస్‌వర్డ్‌లు కొడితే ఆ ఖాతా మూసుకుపోతుంది. వీడు అంత వెర్రివాడు కాదు. ఒకే మాట పట్టుకుని అందరి పేర్ల మీదా ఒక్కొక్కసారే వేసి చూస్తాడు. కాసేపు ఊరుకుంటాడు. మళ్ళీ ఇంకో మాట. ఎవరో ఒకరికి తగలకపోతుందా అని వాడి ఆశ. కంప్యూటర్లు చూసే వాసిల్ ఎరగా ఓ లేని మనిషి పేరు పెట్టాడు. దాని మీద వేసిన మాటలన్నీ కనపడతాయి. పొద్దున చూస్తే ‘వింటర్’, పక్కన ఈ ఏటి అంకె.

వాసిల్ ఫోన్లో నవ్వాడు. ఇక్కడ మనం ఎండకి మాడి చస్తుంటే వింటర్ ఏమిటి, ఇది ఏ చలిదేశంలోనో తయారైన జాబితా, దానంతటదే నడుస్తోంది, మనమెవరో దానికి తెలీదు అన్నాడు. నొరీన్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నం ఎరలో కొత్త మాట పడింది. ‘సమ్మర్’.

నొరీన్‌కి విషయం అర్థమైంది. ఇదే ఎండలో కూర్చున్న మనిషెవడో జాబితా సరిదిద్దాడు. ఎదురుగా టీలో బిస్కెట్ ముంచుకుంటున్న గ్వెండా వైపు తిరిగింది. ఆశ్రయంలో ఉన్నవాళ్ళని కారులో తిప్పే పెద్దావిడ ఆమె.

“గ్వెండా, మీ పాస్‌వర్డ్ ఏమిటి?”

“మూణ్ణెల్లకోసారి మార్చమని నా ప్రాణం తీస్తావు కదే తల్లీ. ఏ కాలమైతే ఆ కాలం పేరు, పక్కన ఏడాది. ఈ వయసులో ఇంకేం గుర్తుంటుంది నాకు?”

ఇద్దరూ కలిసి గ్వెండా మెయిల్ తెరిచారు. టాంసిన్ ఇంటి చిరునామా అందులోనే ఉంది. దానితోపాటు ఆవిడ రాయని ఉత్తరం ఒకటి టాంసిన్‌కి వెళ్ళి ఉంది. ఇల్లు మార్చాలి, కారు తీసుకుని వస్తున్నాను, పాపని సిద్ధం చెయ్యి అని.

నొరీన్ ఫోన్ చేస్తే టాంసిన్ వెంటనే ఎత్తింది. సంచులు సర్దేశానంది. గేటు ముందు ఇప్పుడే కారు ఆగిన చప్పుడైంది, గ్వెండాయే వచ్చినట్టుందంది.

“టాంసిన్, తలుపు తియ్యకు. గ్వెండా ఇక్కడ నా పక్కనే ఉంది.”

గ్వెండా తన ఫోన్ తీసి పోలీసులకి చేస్తోంది. అంతలో టాంసిన్ ఫోన్లోంచి పిప్పా గొంతు వినపడింది, సంతోషం పట్టలేక.

“అమ్మా, నాన్నొచ్చాడు!”

చిన్న చిన్న అడుగులు తలుపు వైపు పరుగెత్తాయి. టాంసిన్ ఆ పిల్లని పేరు పెట్టి కేకేసింది. ఆ తరవాత నొరీన్‌కి గడియ తీసిన చప్పుడు వినపడింది.