పడుగు ఆరకముందే

వెంకటనర్సుకు కావలసింది ఒక్క కాగితం. కోడలు ఉప్పలమ్మకు మతి చెడిందని సావిత్రమ్మ రాసిస్తే చాలు. ఆమెను హైదరాబాదు పిచ్చి దవాఖానలో పడేసి, కొడుకు పరమేశ్వర్‌కు మారు పెళ్లి చేస్తాడు.

అది 1961. సావిత్రమ్మ భువనగిరిలో ముఖ్యసేవిక. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల మంచిచెడ్డలు చూడటం ఆమె కొలువు. ఆమె రాసి పంపితే డాక్టరు కాదనడు.

వెంకటనర్సు నోట్లో తమలపాకు. మాట్లాడినప్పుడల్లా ఎర్రటి తుంపర్లు బల్ల మీద పడుతున్నాయి. కోడలు ఏం తిన్నా కక్కుతోందట. మంత్రగాడు వేపమండలతో బాదినా గాలి దిగలేదట. మగ్గం మీది పడుగుకు, అంటే నిలువు పోగులకు, పట్టించగా మిగిలిన గంజిని మూడు రోజులు పులియబెట్టి తాగించినా లాభం లేదట.

"నా చేత్తోనే తాపిన," అన్నాడు గర్వంగా.

సావిత్రమ్మకు తన చిన్నతనం గుర్తొచ్చింది. ఆలంపూర్ దగ్గరి పల్లెలో, ఆమె పన్నెండో ఏట తల్లి పోయింది. మూడు నెలలు నోట మాట రాలేదు. దయ్యమన్నారు. ముఖానికి మిరపకాయల పొగ పెట్టారు. అంతమందిలో ఒక్కరూ ఏమైందని అడగలేదు. ఆ పొగ ఇప్పటికీ గొంతులోనే ఉంది. అందుకే ఎదుటి మనిషి జబ్బుకు ఆమె పేరు పెట్టదు, సలహా చెప్పదు. కూర్చుని వింటుంది. సరిగ్గా విన్నానా అని తిరిగి అడుగుతుంది. జీతం తీసుకుని ఊకొట్టే కొలువని ఆఫీసులో నవ్వుకునేవారు.

అతను వెంట తెచ్చిన ఉప్పలమ్మను లోపల కూర్చోబెట్టి, వెంకటనర్సును బయట కూర్చోమంది.

"అది ఏం చెప్తదమ్మా? దానికి నోరే లేదు."

"లేకుంటే నీకేం ఫికర్? బయట కూసో."

మొదటి రోజు ఉప్పలమ్మ నేల చూసింది. రెండో రోజూ అంతే. సావిత్రమ్మ తొందరపెట్టలేదు. మూడో రోజు ఉప్పలమ్మ తలెత్తింది.

"గంజి వాసనొస్తె కక్కొస్తది అక్కా."

"గంజి వాసనకా?"

"గంజిది గాదు. మామ చేతిది."

తర్వాత ఆగకుండా చెప్పింది. పడుగును సాగదీసి గంజి పట్టించే రోజుల్లో ఇంటిల్లిపాదీ వీధిలో ఉంటారు. ఆమె లోపల గంజి కాస్తుంది. కుండ నింపుకునే వంకతో అతను వస్తాడు. ఆ వేళ్ల గంజి ఆమె రవికె మీద అట్టకట్టేది. మొగుడికి చెబితే, కన్న బాపును అంటావా అని చెంప పగలగొట్టాడు.

బయట వెంకటనర్సు కాండ్రించి ఉమ్మాడు. సావిత్రమ్మ చెయ్యి చెప్పు మీదికి పోయింది. బలవంతంగా వెనక్కి తీసుకుంది. ఆ కోపం తనది. ఏం చెయ్యాలో తేల్చుకోవాల్సింది ఉప్పలమ్మ.

"నువ్వేం చేద్దామనుకుంటున్నవ్?"

"రేపు పడుగు సాగదీస్తరు. నువ్వొచ్చి జర నిలబడు. మాట్లాడకు."

తెల్లవారగానే సావిత్రమ్మ వెళ్లి ఉప్పలమ్మ వాళ్ల వీధిలో నిలబడింది. వీధి పొడుగునా తడి పడుగు. అటూ ఇటూ కుంచెలతో దువ్వే చేతులు. పడుగు కొస దగ్గర తాడు బిగబట్టి వెంకటనర్సు. ఒకసారి గంజి పట్టాక ఆరేదాకా ఎవరూ చెయ్యి తియ్యరు. తీస్తే పోగులన్నీ అతుక్కుని నెల కష్టం మట్టిపాలు. ఉప్పలమ్మ లెక్క అదే. ఒక్కరూ కదలలేరు, ఆమె నోరు మూయలేరు.

చెప్పింది. కుండ సంగతి, వేళ్ల సంగతి, చెంపదెబ్బ సంగతి. గొంతు పెంచలేదు.

పరమేశ్వర్ తల వంచుకుని దువ్వుతూనే ఉన్నాడు. వెంకటనర్సు మాత్రం తాడు వదిలేశాడు. నలభై ఏళ్లలో ఎన్నడూ వదలని చెయ్యి అది. పడుగు దుమ్ములో కూలింది. వీధికి ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అత్త గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. కోడలి కోసం కాదు, నూలు కోసం.

పక్కింటి జానమ్మ కుంచె కింద పెట్టింది. "నా బిడ్డ గూడ నిరుడు గిదే చెప్పింది. నేనే దాని మూతి మీద కొట్టిన," అంది. ఉప్పలమ్మ చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయింది.

వెంకటనర్సు ఇక కాగితం అడగలేదు. జానమ్మ ఇంట్లో ఉప్పలమ్మ జొన్నరొట్టె తింది. రెండోది అడిగి తింది. కక్కలేదు.

సావిత్రమ్మ ముందూ రొట్టె పెట్టారు. వీధిలోంచి పులిసిన గంజి వాసన లోపలికి కొడుతోంది. ఆమె ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది, మింగలేకపోయింది.