హోయా తీగకి థాంక్స్ చెప్పకూడదు

చలిదేశపు రేవూరు హెర్నొసాండ్‌లో, టీరా వంటగది కిటికీకి వేలాడే బుట్టలో, మైనం లాంటి పూలు గుత్తులుగా పూసే హోయా తీగ ఒకటి ఉంది. అదంటే ఆవిడకి ప్రాణం. దాని కొమ్మ ఇచ్చింది ఎదురింటి వెండ్లా. టీరా మొగుడు సిక్స్‌టెన్ చేపలకని గడ్డకట్టిన సముద్రం మీదికి వెళ్ళి, మంచు విరిగి మునిగిపోయిన మర్నాడు, గ్లాసు నీళ్ళలో ఆ కొమ్మ పెట్టుకొచ్చి తలుపు తట్టింది.

"థాంక్స్ గీంక్స్ అన్నావంటే వేరు పట్టదు, జాగ్రత్త!" అంది.

ఇచ్చిన మొక్కకి థాంక్స్ చెప్తే మొక్క చస్తుందని ఆ ఊళ్ళో ముసలీముతకా అందరి నమ్మకం. ఇదేం పిచ్చో! టీరా నోరు కుట్టేసుకుంది. ఆ చలికాలమంతా వెండ్లా రోజూ బఠాణీ సూప్ తెచ్చి, దగ్గర కూచుని, తిట్టి మరీ తినిపించింది. దానికీ టీరా ఆ మాట అనలేదు. మూసుకున్న నోరు అలాగే అలవాటైపోయింది. ఏళ్ళు గడిచాయి.

ఈ వేసవిలో వెండ్లా ఆసుపత్రిలో చేరింది. ఇక ఇంటికి రాదని డాక్టర్లు చెప్పేశారు.

"నీ హోయా పూసిందటే? ఒక్కసారి ఆ వాసన చూడాలనుంది," అంది ఫోన్‌లో.

పూసింది. కానీ బుట్ట కదిపితే మొగ్గలు రాలిపోతాయి. గుత్తి కోద్దామంటే, ఏటా పూలు వచ్చేది ఆ పాత కాడకే, దాన్నెవరూ కోయరు. టీరా కత్తెర తీసి గుత్తులన్నీ కోసేసింది. తడిగుడ్డలో చుట్టుకుని బస్సెక్కింది.

వెండ్లా వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత మండిపడింది.

"కాడలతో సహా కోశావా? మతిపోయిందా? వచ్చే ఏడు ఏం పూస్తుంది, నీ మొహం?"

"పూయకపోతే మానె," అంది టీరా. "వెండ్లా, ఆ చలికాలం నువ్వే గనక లేకపోతే... నీకు నేనెప్పుడూ..."

"నోర్ముయ్! తీగని చంపుతావా?" వెండ్లా చెయ్యెత్తి ఆమె నోరు మూసింది. ఆ వేళ్ళకి పూలతేనె జిగురు. ఇద్దరికీ నవ్వొచ్చింది. సరే, రేపొచ్చి చెప్పి తీరతాను అనుకుంది టీరా.

మర్నాడు వెళ్ళేసరికి మంచం ఖాళీ. దుప్పట్లు కూడా మార్చేశారు.

ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే బుట్ట కింద నిలబడి, "థాంక్స్, వెండ్లా," అని గట్టిగా అంది. మళ్ళీ మళ్ళీ అంది. చస్తే చచ్చిందిలే ఈ తీగ, అనుకుంది.

తీగ చావలేదు. పైగా కొత్త చిగుళ్ళు వేసింది. నీళ్ళు పోసినప్పుడల్లా వాటిని చూసి టీరాకి ఏడుపు ఆగదు. ఆ మాట ఆసుపత్రిలోనే అనేసి ఉంటే ఏమయ్యేదట?