రెఫరీ గారి అమ్మ

ఎనిమిది మందిని మాత్రమే పిలిచి ఆడించే స్నూకర్ పోటీ అది. ఫైనల్‌కి ఆమెను రెఫరీగా వేశారు. పదేళ్ళుగా ఎదురుచూసిన రోజు. ఆ సంగతి ఇంట్లో చెప్పడమే పొరపాటైంది.

"నేనూ వస్తా," అంది అమ్మ.

"అక్కడ నోరు మెదపకూడదమ్మా. దగ్గొచ్చినా బయటికెళ్ళి దగ్గాలి."

"నాకు నోరెక్కడుందే? నలభయ్యేళ్ళు కుట్టుమిషను ముందు తల వంచుకు బతికినదాన్ని."

అమ్మ మూడో వరుసలో కూర్చుంది. మొదటి ఫ్రేములోనే, అంటే తొలి ఆటలోనే, పక్కావిడతో గుసగుస మొదలైంది. "పాపం, అంత కష్టపడి కన్నంలో వేసిన నల్లబంతిని మా అమ్మాయి మళ్ళీ తెచ్చి పెడుతుందేమిటండీ?" నలుగురు నవ్వారు. రెఫరీ కళ్ళెర్రజేసింది. రెండో ఫ్రేములో గడ్డం ఆటగాడు గురి చూస్తుంటే, "ఆ కోటు చంకలో పట్టేసింది," అని వినబడింది. అతను కర్ర దించి నిలబడ్డాడు.

"దయచేసి నిశ్శబ్దం," అంది రెఫరీ పళ్ళ బిగువున.

ఐదో ఫ్రేములో ఎడమచేతి ఆటగాడు నల్లబంతి కోసం బల్ల మీదికి బాగా వంగాడు. అతని వీపు అడ్డొచ్చి ఆమెకు బంతులు కనబడలేదు.

"చొక్కా చెయ్యి తగిలిందే! ఎర్రబంతి కదిలింది!" అని అమ్మ కేక.

హాలంతా బిగుసుకుపోయింది. తను చూడని తప్పుకి ఫౌల్ అని ఎదుటివాడికి పాయింట్లు ఎలా ఇస్తుంది? ఎడమచేతి ఆటగాడు ఏమీ ఎరగనట్టు కర్ర కొనకి సుద్ద రాసుకుంటున్నాడు. ఆమె ఓపిక నశించింది.

"మూడో వరుసలో ఉన్నావిడ బయటికి వెళ్ళండి."

"నన్నేనా?"

"మిమ్మల్నే."

అమ్మ సంచీ తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఎడమచేతి ఆటగాడు ఆ ఫ్రేము గెలిచాడు.

విరామంలో వెనకగదిలో టీవీలో ఆ దెబ్బ మళ్ళీ వేసి చూపించారు. గుండీ ఊడిన చొక్కా చెయ్యి ఎర్రబంతిని తాకింది. బంతి గింజంత జరిగింది. ఆమె నేరుగా గడ్డం ఆటగాడి దగ్గరికెళ్ళి, "నేను చూళ్ళేదు. క్షమించండి," అంది.

"నేను చూశానండీ. చెబితే ఏడుపుగొట్టంటారని ఊరుకున్నా."

ఊరంతా చూసింది, తను తప్ప!

అమ్మ వరండాలో ఉంది. కాపలాదారు చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది.

"నువ్వన్నది నిజమేనమ్మా. తగిలింది."

"మరి ఆ పాయింట్లు ఆయనకిప్పించు."

"ఆ ఫ్రేము అయిపోయింది. ఇంక కుదరదు."

"కుట్టు తప్పితే నేను విప్పి మళ్ళీ కుడతానే."

"ఇక్కడ విప్పడాలుండవు!" అని అరిచింది రెఫరీ. కాపలాదారు గోడవైపు తిరిగాడు. గొంతు తగ్గించి, "లోపలికి రా. కానీ నోరు కుట్టేసుకో," అంది.

అమ్మ మాట నిలబెట్టుకుంది. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా కిమ్మనలేదు. గడ్డం ఆటగాడు ఒక్క ఫ్రేము తేడాతో ఓడిపోయాడు. చప్పట్లు కొడుతున్నప్పుడు అమ్మ తిన్నగా బల్ల దగ్గరికి నడిచొచ్చింది.

"నాయనా, ఐదోది నీదే. మా అమ్మాయికి కనబడలేదు, అంతే. దాని మనసులో ఏం లేదు."

అతను నవ్వేశాడు. ఎడమచేతి ఆటగాడు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. కెమెరాలన్నీ ఇటే తిరిగాయి.

"అమ్మా, పద," అంటూ రెఫరీ తల్లి చెయ్యి పట్టుకుని తలుపు దాకా లాక్కుపోయింది.