మూత మీది ముఖం

బర్మాలోని మొన్యువా బజారులో, అరగదీసి ముఖానికి గంధంలా పూసుకునే థనాకా కొమ్మలు అమ్మేవాళ్ళు పదకొండు మంది. పది మంది కొమ్మలు అమ్ముతుంటే న్వే యీ మాత్రం ముప్పై నాలుగేళ్లుగా తన ముఖం చూపించి బతికేస్తోందని ఆ పది మందీ ఏడుస్తుంటారు. ఏడవరా మరి? అరవై దాటినా నుదుట ఒక్క గీత లేదు, బుగ్గన ఒక్క మచ్చ లేదు. పొద్దున్నే కొట్టు తెరిచి, సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి, బెరడు అరగదీసి, ఆ లేత పసుపు గంధం రెండు బుగ్గలకూ గుండ్రంగా పెట్టుకున్నాకే బేరం మొదలు. థనాకా లేని ముఖంతో ఆమెను చూసినవాళ్ళు బజారులో ఎవరూ లేరు.

కొత్తగా కొనే ప్రతి పిల్లకూ ఆమె ఒకటే పాఠం చెప్పేది. ఏ పూటకు ఆ పూట అరగదీసుకోవాలి, పొద్దుటి గంధం సాయంత్రానికి పనికిరాదు, మర్నాటికి పులిసి కంపు కొడుతుంది అని.

అలాంటి మనిషి, చెల్లెలి కూతురు సు హ్లైంగ్ ఏడాదిపాటు చెడని థనాకా అంటూ ఒక డబ్బా తెచ్చి చేతిలో పెడితే, మూత తీసి వాసన చూసి మురిసిపోయింది. ఇదెలా నిలవ ఉంటుందే అని అడగలేదు. ఇంకెవరైనా తెచ్చి ఉంటే చీపురు తిరగేసేది. తల్లి పోయిన ఏడేళ్ళ పిల్లను తీసుకొచ్చి పెంచింది కదా, ఆ పిల్ల మాండలే వెళ్ళి సొంతంగా కార్ఖానా పెట్టిందన్న సంబరంలో ఆమెకు తన పాఠమే గుర్తు రాలేదు. పైగా మూత మీద ఉన్నది తన ఫొటో. దాని కింద ‘పెద్దమ్మ థనాకా’ అని పేరు, చెట్టు బెరడు తప్ప మరేమీ కలపలేదని, వారంలో ముఖం తేటపడుతుందని రాత.

అప్పటినుంచి నెలనెలా బెరడు మందంగా ఉన్న ముదురు కొమ్మలు ఏరి, ఇరవై కట్టలు మాండలే బస్సెక్కించింది. ప్రతి కట్టనూ తాటాకు చీలికతో బిగించి తనకు మాత్రమే వచ్చిన మెలిక ముడి వేసేది. డబ్బాలు తన కొట్టులోనే పెట్టి అమ్మింది. చెప్పినట్టే వారంలో ముఖాలు తళతళలాడాయి. అరగదీసే పని తప్పిందని పడుచుపిల్లలు ఆమెను పొగడని రోజు లేదు.

బజారు మలుపులో చేపపులుసు నూడుల్స్ అమ్మే ఓన్ క్యీకి చో మార్ అని ఒక్కతే కూతురు. పెళ్ళిళ్ళు చేయకూడని వర్షావాసం నెలలు వెళ్ళగానే ఆ పిల్లకు పెళ్ళి. న్వే యీ స్వయంగా మూత తీసి, మొదటిరోజు తన చేత్తోనే ఆ పిల్ల బుగ్గలకు రాసింది. రెండు నెలలు బాగానే గడిచాయి. తరవాత డబ్బాలు రావడం ఆలస్యమై పన్నెండు రోజులు రాయడం ఆగిపోయేసరికి ముఖమంతా ఎర్రగా కందిపోయి, మంటలు, చీముపొక్కులు. పెళ్ళి వాయిదా పడింది. ఆసుపత్రి డాక్టరు డబ్బాను పరీక్షకు పంపించి, ఇందులో స్టెరాయిడ్ మందు కలిపారని, రాస్తున్నప్పటి తేటదనమూ ఆపగానే ఈ మంటా దానివల్లేనని చెప్పాడు.

ఓన్ క్యీ దెబ్బలాటకు రాలేదు. వచ్చి కొట్టు ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఇదంతా నెమ్మదిగా చెప్పింది.

"ఒక్కటే అడుగుతానక్కా. నువ్వు ఇది రాసుకుంటున్నావా?"

న్వే యీ చూపు పక్కనున్న సానరాయి మీద పడింది. ఒక్కరోజు కూడా రాసుకోలేదు. అనుమానం ఉండి కాదు. పొద్దున్నే చేయి సానరాయి మీదికే పోయేది, అంతే. కానీ ఆ మాట ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?

"రాసుకోలేదన్నమాట," అంటూ ఓన్ క్యీ లేచింది. "మా పిల్లకు మాత్రం నీ చేత్తోనే రాశావు."

మర్నాడు తొలి బస్సుకే న్వే యీ మాండలే వెళ్ళింది. దారి పొడుగునా ఆ డాక్టరు పొరబడి ఉంటాడనే అనుకుంటూ పోయింది. కార్ఖానా ముందుగదికి అద్దాల గోడ. అందులో వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా కప్పు దాకా పేర్చి ఉన్నాయి థనాకా కట్టలు. అన్నీ తనవే. దగ్గరికెళ్ళి ఒక్కో ముడీ తడిమింది. ఒక్కటి కూడా విప్పలేదు. వెనకగదిలో నీలం పీపాల్లోంచి తెల్లటి లేపనం తోడి, సీసాలోంచి పసుపురంగూ వాసనా కలుపుతున్నారు ఇద్దరు ఆడవాళ్ళు.

విప్పిన కట్ట ఒక్కటంటే ఒక్కటే, మూలన నీళ్ళకుండ పక్కన కనబడింది. దాని దగ్గర సానరాయి, ఊరు విడిచి వెళ్ళేటప్పుడు ఆ పిల్లకు తాను ఇచ్చినదే. ఇంకా తడి ఆరలేదు.

"చెప్పకుండా వచ్చావేంటి పెద్దమ్మా? ఫోన్ చేస్తే కారు పంపేదాన్నిగా," అంటూ సు హ్లైంగ్ ఎదురొచ్చింది. రెండు బుగ్గల మీదా అప్పుడే పెట్టుకున్న థనాకా.

"ఆ డబ్బాలో నా బెరడు ఎంత ఉందే?"

సు హ్లైంగ్ దాచలేదు. అదీ ఒక ధైర్యమే. "మర్నాటికి పులుస్తుందని నువ్వే కదా చెప్పేదానివి. ఏడాది నిలవుండే థనాకా ఎక్కడైనా ఉంటుందా? నీకు తెలిసే అమ్ముతున్నావనుకున్నా."

న్వే యీకి తల కొట్టేసినట్టయింది. "చో మార్ ముఖం కాలిపోయిందే."

"మధ్యలో ఎందుకు ఆపింది? రోజూ రాసుకుంటే ఏమీ కాదు."

"మరి నీ బుగ్గల మీద ఉన్నదేంటి?"

"నా ముఖం పాడు చేసుకోమంటావా పెద్దమ్మా?"

తన ఫొటో తీసెయ్యమంది న్వే యీ. సు హ్లైంగ్ ఆమె చేయి పట్టుకుని, చిన్నప్పుడు మిఠాయి అడిగినంత గారంగా, అది తీసేస్తే ఎవరు కొంటారని అడిగింది. నీ ముఖంలో అబద్ధమేముంది, అది నిజంగా థనాకా పెట్టుకున్న ముఖమేగా అంది. జ్వరమొస్తే రాత్రంతా ఆ పిల్ల తల నిమిరిన చేయి అది. న్వే యీ విడిపించుకుని వచ్చేసింది. బస్సులో భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెంచిన పిల్ల మోసం చేసింది, సరే. కానీ ఆ మోసాన్ని ఇంటింటికీ చేర్చింది తన చేయేనని తలుచుకుంటే ఏడుపు ఆగలేదు.

మిగిలిన డబ్బాలన్నీ మురిక్కాలవలో పారబోసింది. చో మార్ ముఖానికి మానేదాకా థనాకా కూడా తగలకూడదని డాక్టరు చెప్పాడట. అయితే నాకూ వద్దని న్వే యీ బోసి ముఖంతో కొట్టులో కూర్చుంది. ఎవరైనా పోయారా అని బజారంతా అడిగింది. తెలిసినవాళ్ళందరికీ ఉన్నదున్నట్టు చెప్పింది, వాళ్ళు విన్నారు. సు హ్లైంగ్ మాత్రం ఊరుకోలేదు. ఎదుటి చెప్పుల కొట్టులో డబ్బాలు దింపించింది. అద్దాల బీరువాలో వరసగా నలభై న్వే యీలు, నున్నటి బుగ్గలతో నవ్వుతూ.

నాలుగో రోజు పల్లెటూరి పిల్ల ఒకతె, చంకలో పసిపాపతో, ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చింది.

"ఈ మూత మీదున్న అత్త కొట్టు ఇదేనన్నారు. ఆవిడ లేదా?"

"నేనేనమ్మా."

ఆ పిల్ల మూతనూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. నాలుగు రోజులుగా నిద్రలేక పీక్కుపోయిన ముఖం, బుగ్గల మీద చుక్క గంధం లేదు. నవ్వేసింది. "పరాచికాలెందుకులే అత్తా."

"నేనేనే తల్లీ. ఆ మందు రాయకు. అందులో థనాకా లేదు, ముఖం కాలిపోతుంది."

ఆ పిల్ల నవ్వు మాయమైంది. "ఆవిడ కొట్టులో కూర్చునే ఆవిడ మీద చెబుతున్నావా? ఆ అత్త ముఖం చూస్తేనే తెలుస్తుంది, అబద్ధమాడే మనిషి కాదని."

విసురుగా రోడ్డు దాటి చెప్పుల కొట్టులోకి వెళ్ళింది. కొత్త డబ్బా కొని అక్కడే మూత తీసింది. వేలితో కాస్త తీసి, తనకు రాసుకోకుండా ముందు పసిదాని బుగ్గకు రాసింది.

న్వే యీ సానరాయి పక్కనున్న గుడ్డను నీళ్ళలో ముంచి, చెప్పులైనా వేసుకోకుండా రోడ్డుకు అడ్డంగా పరిగెత్తింది.