నాలుగు రేకుల రాగి

రాగి కనబడితే మా రైలు పట్టాల గ్యాంగువాళ్లకు, మేస్త్రీనైన నాకు కూడా, చెమటలు పడతాయి. కిరందుల్ లైనుకు కరెంటు వచ్చినప్పటి నుంచీ చేతిలో చిటికెడు రాగి ఉంటే చాలు, తీగ దొంగ అని లోపలేస్తారు. ఆ భయమే నా చేత వెధవ పని చేయించింది.

ఒక పొద్దున బచేలీ దగ్గర ఖనిజం బండి ఆగిపోయింది. పట్టాల మీద అడవిదున్న చచ్చి పడుంది. ఎక్కడో తూటా తగిలి, పరుగెత్తుకొచ్చి అక్కడ కూలింది. లాగడం మా వల్ల కాలేదు, నరికి తీయాల్సి వచ్చింది. గొడ్డలి పట్టింది మా గ్యాంగులో సుక్కా. చీల్చిన రొమ్ములో నేను చెయ్యి పెడితే వేళ్లకు ఒక రాగి ముక్క తగిలింది. మొన నాలుగు రేకులుగా విచ్చుకుని ఉంది. తూటా అంటే సీసమని తప్ప నాకేం తెలుసు? ఇది ఏ తీగ ముక్కో, నా మెడకు చుట్టుకుంటుందని స్లీపరు పక్క కంకరలో కప్పెట్టేశాను.

మర్నాడు ఫారెస్టు రేంజరు మనుషులు, దున్నను కాల్చింది నువ్వేనంటూ సుక్కాను పట్టుకుపోయారు. ఇంట్లో తాతలనాటి తుప్పు తుపాకీ దొరికిందట. దాంతో పిచ్చుక కూడా చావదు! ఆరు రోజులు కొట్టారు. భీమే అనే అతని భార్య మా క్వార్టరు గుమ్మంలో కూర్చుని ఏడవను కూడా లేదు.

మా ఆవిడ దేవుడమ్మ గని గెస్ట్‌హౌస్‌లో వంట చేస్తుంది. ఆరో రోజున నోరు విప్పింది.

"ఏటకొచ్చిన దొర బోయినాల కాడ గొప్పలు పోనాడు. ఆడి తూటాలో సీసమే నేదంట, అంతా రాగేనంట. తగిల్తే పువ్వునాగ ఇచ్చుకుంటాదంట."

నా ఒళ్లు మండిపోయింది. దొర మీదో నా మీదో చెప్పలేను. పరుగున వెళ్లి కంకర తవ్వి, ఆ ముక్క తెచ్చి రేంజరు బల్ల మీద కొట్టాను. ఆయనది భోపాల్‌పట్నం, తెలుగువాడే.

"ఏందయ్యా ఇది? తూటాల సీసం ఉంటది. ఇది మీ రైలు తీగ. చోరీ కేసు రాయాల్నా?"

"రాయండి బాబూ! దొంగ నానేనని రాయండి. ఎక్కడ దొరికిందో కూడా రాయండి. దున్న గుండెకాయ పక్కన దొరికింది. రైలు తీగ దున్న రొమ్ములోకి ఎలాగెల్లిందో తవరే రాయండి, ఏలుముద్ర ఏస్తాను!"

పెన్ను తీశాడు, కానీ రాయలేదు. గొంతు తగ్గించి, "ముక్క ఈడ పెట్టి పో. నీ మనిషిని ఇడుస్త," అన్నాడు.

ఆ ముక్క వదిలేస్తే దొర తప్పించుకుంటాడని తెలుసు. తెలిసీ పెట్టేశాను. సిగ్గులేని బేరం అది, ఇప్పటికీ తలచుకుంటే పళ్లు నూరుకుంటాను.

సాయంత్రం సుక్కాను వదిలారు. వాచిన కాళ్లతో నా భుజం పట్టుకుని నడుస్తూ అడిగాడు.

"మేస్త్రీ, కంకరలో దాసింది తీసేసినావా?"

ఆగి అతని వైపు తిరిగాను. "నువ్వు సూసినావా?"

"సూసినాను. సెప్తే నిన్ను రాగి దొంగంటారని సెప్పనేదు."